ఫోటో కథ చెప్పదు, అడుగుతుంది

వానలు మొహం చాటేసిన ప్రతి ఏడాదీ తెలుగు పత్రికల్లో ఒకే ఫోటో అచ్చవుతుంది. నెర్రెలు విచ్చిన నేల, దాని మధ్య గొంతుక్కూర్చున్న ముసలి రైతు, నుదుటికి అడ్డంగా పెట్టుకున్న చెయ్యి, ఆకాశం వైపు చూపు. మనిషి మారతాడు, తలగుడ్డ రంగు మారుతుంది, ఊరి పేరు మారుతుంది, ఫోటో మాత్రం మారదు. ఒక జిల్లా డెస్క్‌లో కొన్నేళ్ళపాటు ఇలాంటి ఫోటోల కింద వ్యాఖ్యలు రాయడం నా ఉద్యోగం కాబట్టి, ఈ ఫోటో ఎలా తయారవుతుందో నాకు బాగా తెలుసు. ఫోటోగ్రాఫర్ ఊరి చెరువు దగ్గర బండి ఆపుతాడు, అటుగా పోతున్న ఒక పెద్దాయనను పిలుస్తాడు, ‘పెద్దాయనా, అక్కడ కూర్చుని కొంచెం పైకి చూడు’ అంటాడు, ఆయన కాదనలేక పైకి చూస్తాడు. ఆయన చూస్తున్నది మబ్బుల కోసం కాదు, ఈ పని ఎప్పుడు అయిపోతుందా అని.

ఇందులో మోసం ఉందని నా ఫిర్యాదు కాదు. ఆ రైతు నిజంగానే నష్టపోయి ఉండవచ్చు, ఆ చెరువు నిజంగానే ఎండి ఉండవచ్చు. నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ ఫోటోలో కరువు లేదు. అనంతపురం జిల్లానే తీసుకుందాం. అక్కడ వేరుశనగ ఎక్కువగా పండేది ఎర్ర నేలల్లో. ఆ నేలలు ఎండితే బిగుసుకుపోతాయి, దుమ్ము లేస్తాయి, అంతేగానీ చెయ్యి దూరేంత నెర్రెలు ఇవ్వవు. అటువంటి నెర్రెలు నల్లరేగడిలోనో, చెరువు అడుగున పేరుకున్న ఒండ్రులోనో వస్తాయి, వానలు బాగా కురిసిన ఏడాదిలో కూడా ఎండాకాలం చెరువు అడుగంటితే వస్తాయి. కరువు జరిగేది చేలో, ఫోటో తీసేది చెరువులో. కరువు ఎలా ఉంటుందో చూపాలంటే, వాన ఆగిపోయిన రోజుల్లో చేలో ఒక వేరుశనగ మొక్కను పీకి, దగ్గరగా పట్టుకుని చూడాలి. పైన ఆకు ఇంకా కాస్త పచ్చగానే ఉంటుంది, పువ్వు కూడా పూసే ఉంటుంది, కానీ ఆ పువ్వుల నుంచి నేల వైపు దిగవలసిన ఊడలు గట్టిపడ్డ మట్టిలోకి దిగలేక గాలిలోనే కొసలు ఎండి నల్లబడి వేలాడుతుంటాయి. ఆ మొక్కకు కాయలు రావు. ఆ సంగతి రైతుకు ఆ క్షణంలో తెలుసు, చూసే మనకు తెలియదు, ఎవరైనా రెండు వాక్యాలు చెబితే తప్ప.

నేను వాదించదలచుకున్నది అక్కడే ఉంది. ఫోటో కథ చెబుతుందని, ఒక్క ఫోటో వెయ్యి మాటల పెట్టు అని మనం ఇష్టంగా అనుకుంటాం. ఏ ఫోటో కూడా తనంతట తాను కథ చెప్పదని నా అభిప్రాయం. అది కథను అడుగుతుంది. చూసినవాడి మనసులో ఎవరు, ఎందుకు, తరువాత ఏమైంది అన్న ప్రశ్నలు లేపి ఊరుకుంటుంది. కథకు కావలసిన ముఖ్యమైన పనిముట్లేవీ ఫోటో దగ్గర లేవు. ‘నిన్న’ అని చెప్పలేదు, ‘అందువల్ల’ అని చెప్పలేదు, ‘ఒకవేళ’ అనలేదు, అన్నిటికంటే ముఖ్యంగా ‘లేదు’ అని చెప్పలేదు. ఊరిలో బడి లేదన్న సంగతిని ఒక వాక్యం ఇట్టే చెబుతుంది, దానిని ఒక ఫోటోతో చెప్పి చూడండి. కాబట్టి ఫోటోలతో కథ చెప్పడమన్నది కెమెరాతో చేసే పనిలో చిన్న భాగమే. ఒక ఫోటో పక్కన మరొకటి పెట్టడం, పెట్టకూడనిదాన్ని తీసివేయడం, కింద వాక్యం రాయడం, తీసినచోటికి మళ్ళీ వెళ్ళడం, కథ వీటిలో పుడుతుంది. ఇవేవీ చేయకుండా ఫోటోను ఒంటరిగా వదిలేస్తే, అది అడిగిన కథను ఎవరో ఒకరు పూరిస్తారు, ఆ పూరించేవారికి తమ అవసరాలు తమకుంటాయి.

ఇందుకు ప్రపంచంలో అందరికీ తెలిసిన ఉదాహరణ అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంజ్ తీసిన వలస తల్లి ఫోటో. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, మంచుకు బఠాణీ పంట పాడైపోయి కూలి దొరకని ఒక శిబిరంలో ఆమె ఆ ఫోటో తీశారు. అప్పటికి ఆమె అమెరికా ప్రభుత్వపు గ్రామీణ పునరావాస సంస్థకు పని చేస్తున్నారు. శిబిరం బోర్డు దాటి చాలా దూరం వెళ్ళిపోయి, మనసు ఒప్పక కారు వెనక్కి తిప్పానని, ఆ తల్లి పేరుగానీ గతంగానీ తాను అడగలేదని చాలా ఏళ్ళ తరువాత లాంజే రాశారు. ఉన్నది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో ఆమె దూరం నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫోటోకూ దగ్గరవుతూ వచ్చారు. మొదటి ఫోటోలలో డేరా గుడ్డ, లోపలి సామాను, కుర్చీలో కూర్చున్న పదమూడు పద్నాలుగేళ్ళ కూతురు కనిపిస్తారు. చివరిదానిలో, అంటే మనందరం చూసినదానిలో, అవన్నీ పోయి తల్లి ముఖం, దవడకు ఆనించిన చెయ్యి, అటు తిరిగి దాక్కున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ మిగిలారు. ఒక మూల డేరా గుంజను పట్టుకున్న బొటనవేలు కనిపించడం లాంజ్‌కు నచ్చక, దాన్ని కూడా తరువాత నెగటివ్ మీద చెరిపించారు.

ఆ వరుసను ఒకచోట పెట్టి చూస్తే తెలిసేది ఏమిటంటే, ఫోటో గొప్పదయ్యే కొద్దీ అందులో సమాచారం తగ్గిపోయింది. డేరా ఉన్న ఫోటోలో ఒక కుటుంబం ఉంది, దాని సామాను ఉంది, పెద్ద కూతురు ఉంది. ఆఖరి ఫోటోలో తల్లి అన్న భావం ఒక్కటే ఉంది. అందుకే దాన్ని ఏ కథకైనా తగిలించవచ్చు, అలాగే తగిలించారు. ఆ కుటుంబం తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నదని లాంజ్ చెప్పారు. ఆ తల్లి ఎవరో 1978 దాకా లోకానికి తెలియలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆమె అప్పుడు బయటికి వచ్చి, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదన్నారు, దానివల్ల తనకు దమ్మిడీ రాలేదన్నారు. తాము టైర్లు అమ్ముకోలేదని, దారిలో కారు చెడిపోతే బాగు చేయించుకునేందుకు ఆ శిబిరం దగ్గర ఆగామని ఆ కుటుంబం చెప్పింది. ఆమె చెరోకీ జాతి స్త్రీ. మహా మాంద్యపు కాలంలో దుమ్ము తుపానులకు ఇల్లు వదిలి కాలిఫోర్నియాకు వచ్చిన తెల్లజాతి రైతు స్త్రీగా దేశమంతా నలభై ఏళ్ళకు పైగా చూసినది, ఆ తుపానులకు చాలా ముందే కాలిఫోర్నియా చేరిన ఒక ఆదివాసీ స్త్రీని.

ఇక్కడ లాంజ్‌ను దుయ్యబట్టడం సులువు. నేను ఆ పని చేయను. ఆ ఫోటో శాన్ ఫ్రాన్సిస్కో పత్రికలో పడ్డ వెంటనే ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌండ్ల ఆహారం పంపింది, ఎందరో ఆకలి తీర్చుకున్నారు. థాంప్సన్ కుటుంబం మాత్రం అప్పటికే అక్కడినుంచి వెళ్ళిపోయింది. 1983లో థాంప్సన్ జబ్బుపడితే, వైద్యానికి సాయం కావాలని పిల్లలు అడిగినప్పుడు, ఆ ఫోటోను తలుచుకునే దేశం నలుమూలల నుంచి జనం డబ్బు పంపారు. ఫోటో చేయగలిగిన మేలు చేసింది. అయితే మేలు చేయడం వేరు, కథ చెప్పడం వేరు. పేరు అడగడానికి పట్టే సమయం ఫోటో తీయడానికి పట్టే సమయం కంటే ఎక్కువేమీ కాదు, అడిగి ఉంటే ఆ నలభై ఏళ్ళ కథ వేరేలా నడిచేది.

ఫోటోలను వరుసలో పేర్చి కథ చెప్పడం ఎలాగో చూపినవాడు అమెరికన్ ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్. 1948 సెప్టెంబరులో లైఫ్ పత్రికలో వచ్చిన ఆయన పల్లెటూరి వైద్యుడి ఫోటో వ్యాసం ఈ పని నేర్చుకునేవారు ఇప్పటికీ తిరగేసే పాఠం. కొలరాడో రాష్ట్రంలోని క్రెమ్లింగ్ అనే కొండ ఊరిలో, 400 చదరపు మైళ్ళ మేర చెదురుమదురుగా ఉన్న రెండు వేల మందికి ఒక్కడే డాక్టరు ఎర్నెస్ట్ సెరియానీ. స్మిత్ మూడు వారాలకు పైగా ఆయన వెన్నంటే తిరిగాడు. మొదట్లో కెమెరాలో ఫిల్ము లేకుండానే నొక్కుతూ పోయాడని, తాను అలవాటు పడ్డాకే అసలు ఫోటోలు మొదలయ్యాయని సెరియానీయే తరువాత చెప్పాడు. ఈ చిన్న సంగతి నాకు చాలా పెద్దదిగా అనిపిస్తుంది. ఫిల్ము లేని ఆ కెమెరా చప్పుళ్ళే ఆ వ్యాసానికి పునాది.

ఆ వ్యాసంలో మబ్బు కమ్మిన ఆకాశం కింద చేతిసంచి పట్టుకుని గడ్డి బీటిలో నడిచి వస్తున్న డాక్టరు ఉన్నాడు. గుర్రం తన్నడంతో తలకు దెబ్బ తగిలిన పసిపిల్లకు కట్టు కడుతూ, ఆ కన్ను ఇక దక్కదని ఆ తల్లిదండ్రులకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్న డాక్టరు ఉన్నాడు. రాత్రి రెండు గంటలకు ఆస్పత్రి వంటగదిలో, ఆపరేషన్ గౌను విప్పకుండానే, ఒక చేతిలో కాఫీ, మరో చేతిలో సిగరెట్టుతో, ఎటు చూస్తున్నాడో తెలియని డాక్టరు ఉన్నాడు. ఈ చివరి ఫోటోను ఒంటరిగా చూస్తే పని ఒత్తిడిలో ఉన్న ఏ మనిషైనా కావచ్చు, కాఫీ ప్రకటన కూడా కావచ్చు. ఆ ఆపరేషన్‌లో తల్లీ బిడ్డా ఇద్దరూ చనిపోయారని తెలిశాక దాన్ని మళ్ళీ చూడండి. ఫోటోలో ఒక్క గీత కూడా మారలేదు, మనం చూస్తున్నది మాత్రం పూర్తిగా మారిపోయింది.

స్మిత్‌ను సత్యవంతుడిగా నిలబెట్టాలని నాకు లేదు. 1951లో వచ్చిన స్పెయిన్ పల్లె వ్యాసంలో, శవం చుట్టూ కూర్చున్న స్త్రీలలో కొందరి చూపులు తనకు కావలసిన వైపు తిరిగేలా అచ్చు వేసేటప్పుడు కళ్ళను మందుతో దిద్దాడు. ఆఫ్రికాలో ఆస్పత్రి నడిపిన వైద్యుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ మీద తీసిన వ్యాసంలో రెండు నెగటివులను కలిపి ఒక ఫోటో చేశాడు. మన చెరువులోని పెద్దాయనను పైకి చూడమన్న ఫోటోగ్రాఫర్‌కూ, చీకటి గదిలో స్త్రీల చూపులు తిప్పిన స్మిత్‌కూ తేడా ఏమిటని అడిగితే, నియమం దృష్టిలో తేడా లేదనే చెప్పాలి. ఫలితంలో మాత్రం ఉంది. మొదటివాడికి ఆ ఊరి గురించి ఏమీ తెలియదు. రెండోవాడు అక్కడ ఉండి, తినీ, తిరిగీ, తెలిసినదాన్ని గట్టిగా చెప్పాలన్న పంతంతో హద్దు దాటాడు. ఇద్దరినీ తప్పుపట్టవచ్చు, ఒకే గాటన కట్టకూడదు.

స్మిత్ జీవితంలో చివరి పెద్ద పని మినమాటా. జపాన్‌లోని ఆ సముద్ర తీరంలో చిస్సో అనే రసాయనాల కంపెనీ పాదరసం కలిసిన వ్యర్థాలను ఏళ్ళ తరబడి అఖాతంలోకి వదిలింది. చేపలు తిన్నవారికి నరాలు దెబ్బతిన్నాయి, తల్లుల కడుపులోని బిడ్డలకు కూడా. రోగాన్ని 1956లోనే గుర్తించారు, విషం వదలడం మాత్రం 1968 దాకా ఆగలేదు. 1971లో స్మిత్, ఆయన భార్య ఐలీన్ అక్కడికి వెళ్ళి మూడేళ్ళు ఉన్నారు. రోగంతో మెలికలు తిరిగిన కూతురిని స్నానపు తొట్టిలో చేతుల మీద పట్టుకున్న తల్లి ఫోటో ఆ పనిలోనిదే. అది ప్రపంచమంతా తిరిగింది. ఆ అమ్మాయి పోయిన చాలా ఏళ్ళకు, తమ బిడ్డకు ఇకనైనా విశ్రాంతి కావాలని తల్లిదండ్రులు కోరితే, 1998లో ఐలీన్ ఆ ఫోటో మీద నిర్ణయాధికారాన్ని వారికే అప్పగించారు. ఆ కారణంగానే ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆ ఒక్క ఫోటో కీర్తిలో పడి మనం మరిచిపోయేది, దాని చుట్టూ ఉన్న మిగిలిన పని. స్మిత్ దంపతులు వ్యర్థాలు వదిలిన గొట్టాన్ని తీశారు, వలలను, చేపలను, ఇంకా అక్కడే వేటాడుతున్న జాలరులను తీశారు, కంపెనీ పెద్దల ముందు బల్లలెక్కి అరిచిన బాధితులను తీశారు, కోర్టు బయట ఎదురుచూసినవారిని తీశారు. స్మిత్ స్వయంగా కంపెనీ మనుషుల చేతిలో దెబ్బలు తిన్నాడు. 1973 మార్చిలో కోర్టు బాధితుల పక్షాన తీర్పు ఇచ్చేనాటికి ఇవన్నీ ఒక వరుసలో ఉన్నాయి. గొట్టం ఫోటో లేకపోతే తొట్టి ఫోటో విధిరాత అయి ఉండేది, గొట్టం ఉంది కాబట్టి నేరమైంది.

ఈ మాట రాస్తున్నప్పుడు నల్గొండ గుర్తు రాకుండా ఉండదు. తాగేనీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే జబ్బును మన దేశంలో మొదట 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. నల్గొండ, అందులోనూ మర్రిగూడ ప్రాంతం, తరువాత ఆ జబ్బుకు మారుపేరైంది. దశాబ్దాల పాటు మన పత్రికలూ, చానళ్ళూ, ఊళ్ళోకి వచ్చిన ప్రతి బృందమూ తీసిన ఫోటో ఒకటే, కాళ్ళూ చేతులూ వంకర తిరిగిన పిల్లల్ని అరుగు మీద వరుసగా కూర్చోబెట్టి తీసినది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అదే అరుగు మీద మళ్ళీ కూర్చోబెట్టి మళ్ళీ తీశారు. అందులో దేహాలు ఉన్నాయి, నీళ్ళు లేవు. ఉన్నా ఏం కనిపిస్తుంది? ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళూ, దాటని నీళ్ళూ బిందెలో ఒక్కలాగే తళతళలాడతాయి. కారణం కెమెరాకు చిక్కని చోట ఫోటో దేహాన్ని పట్టుకుని వేలాడుతుంది, చూసేవాడు జాలిపడి పేజీ తిప్పేస్తాడు.

కానీ ఆ జిల్లా వాళ్ళే తమ కథను కంటికి కనపడేలా చేసిన సందర్భం ఒకటుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి జలసాధన సమితి పిలుపుతో జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. నల్గొండ స్థానానికి అభ్యర్థులు 480 మంది తేలారు. అంతమంది పేర్లూ గుర్తులూ పట్టే బ్యాలెట్ పత్రం ఎలా అచ్చు వేయాలో తెలియక ఎన్నికల యంత్రాంగం తలపట్టుకుంది, పోలింగు వాయిదా పడింది. నన్నడిగితే, నల్గొండ నీటి మీద తీయదగ్గ గొప్ప ఫోటో వంగిన ఏ మనిషిదీ కాదు, రెండు చేతులతో చాచి పట్టుకున్న ఆ బ్యాలెట్ పత్రానిది. అందులో బాధ ఉంది, కోపం ఉంది, తెలివి ఉంది, ఎవరి మీద కోపమో కూడా ఉంది. దాని పక్కన బిందె ఫోటో ఒకటి పెడితే, ఆ తళతళలాడే నీళ్ళు అప్పుడు మాట్లాడతాయి.

పక్కన పెట్టడం అన్నాను కాబట్టి దానికి ఇంకా పాత ఉదాహరణ ఒకటి చెప్పాలి. రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న 1876–78 నాటి కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు శ్మశానాలయ్యాయి. దక్షిణాదిన మొత్తం మీద యాభై లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ఆ కరువుకు మనకున్న ఫోటోలలో ప్రసిద్ధమైనవి మద్రాసు సైన్యంలో అధికారి అయిన విల్లోబీ వాలెస్ హూపర్ తీసినవి. ఎముకల గూళ్ళలా మారిన మనుషులను, తల్లులను, పసిపిల్లలను కొందరిని కూర్చోబెట్టి, కొందరిని వెనక నిలబెట్టి, స్టూడియోలో కుటుంబపు గ్రూపు ఫోటో తీసిన పద్ధతిలోనే తీశాడు. పేర్లు లేవు. ఏ ఊరివాళ్ళో లేదు. ఆ ఫోటో తీశాక వాళ్ళకు గంజి పోశారో లేదో కూడా లేదు. ఇదే హూపర్ పదేళ్ళ తరువాత బర్మాలోని మాండలేలో, తుపాకులతో కాల్చి చంపే శిక్ష అమలవుతున్నప్పుడు సరిగ్గా గుండ్లు తగిలే క్షణాన్ని పట్టుకోవాలని కెమెరా పెట్టి, విచారణను ఎదుర్కొన్నాడు. ఆ మనిషి ఎటువంటి కన్నుతో చూశాడో తెలుసుకోవడానికి అది చాలు.

ఈ ఫోటోలను ఇంటర్నెట్‌లో విడివిడిగా చూస్తే కలిగేది జాలి, కాసేపు జుగుప్స, ఆపైన చేతకానితనం. వాటి పక్కన 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ జరిపిన దర్బారు ఫోటోలు పెట్టండి. విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించిన ఆ సంబరంలో ఏనుగులు, పందిళ్ళు, పతాకాలు, నవాబులు. అవీ ఇవీ ఆ కరువు కాలంలోవే. ఆ రెండింటి మధ్య, కరువు పనికి వచ్చిన మగ కూలీకి రోజుకు ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని ధాన్యం, దానితో పాటు ఒక అణా చాలునని ప్రభుత్వం కరువు తనిఖీకి పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చిన కూలి లెక్కను ఒక వాక్యంగా పెట్టండి. హూపర్ చెప్పదలచుకోని కథ, బహుశా అతనికి తోచను కూడా తోచని కథ, అతని ఫోటోలతోనే బయటికి వస్తుంది. తీసినవాడి ఉద్దేశానికి ఫోటో కట్టుబడి ఉండదు. ఈ పనిలో నాకు నచ్చే సంగతి ఇదే, భయపెట్టే సంగతీ ఇదే, ఎందుకంటే దర్బారుకు బదులు మరొకటేదో పక్కన పెట్టి, ఆ ఆకలి మనుషులను సోమరులుగా చూపేవాడు కూడా ఇదే పద్ధతిని వాడుకోగలడు.

నా వాదనకు ఎదురు చెప్పేవారు తరచుగా చూపేది భోపాల్ ఫోటో. 1984 డిసెంబరులో విషవాయువు వెలువడిన తరువాత, కళ్ళు తెరిచే ఉన్న ఒక పసిబిడ్డను మట్టిలో పూడ్చిపెడుతుండగా రఘురాయ్ నలుపు తెలుపులోనూ, పాబ్లో బర్తలోమ్యూ రంగుల్లోనూ తీశారు. రెండోదానికి ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫోటో పురస్కారం వచ్చింది. ఆ ఒక్క ఫోటో చాలలేదా అంటారు. నిజమే, దానిని చూసి కదలనివారు లేరు. కానీ ఆనాడు చూసినవారికి గ్యాసు గురించి, కార్బైడ్ కర్మాగారం గురించి, ఆ రాత్రి గురించి పత్రికలూ రేడియోలూ అప్పటికే చెప్పేశాయి. తెలిసిన కథకు ఆ ఫోటో ముఖమిచ్చింది. ఏమీ తెలియని కుర్రాడికి ఈ రోజు దాన్ని చూపి చూడండి, ఏ భూకంపమో అనుకుంటాడు. ఆ బిడ్డ ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ ఫోటో ఇంకా అడుగుతూనే ఉంది.

ఇంత దూరం అమెరికాలూ జపాన్‌లూ తిరిగాక, మన ఇళ్ళలోనే ఉన్న ఫోటో కథను వదిలేస్తే అన్యాయం. ప్రతి తెలుగు ఇంట్లోనూ బీరువాలో ఉండే పెళ్ళి ఆల్బమ్ మించిన వరుస కథ మనకు మరొకటి లేదు. మా ఇంట్లోని పాతదానికి నల్ల అట్ట పేజీలు, ఫోటో మూలలను పట్టి ఉంచే చిన్న త్రికోణపు కాగితాలు, పేజీకీ పేజీకీ మధ్య సాలెగూడు అచ్చున్న పల్చటి కాగితం ఉంటాయి. ఫిల్ముకు ముప్పై ఆరు ఫోటోలే కాబట్టి ఫోటోగ్రాఫర్ పిసినారిగా తీశాడు. స్నాతకం ఒకటి, గౌరీపూజ ఒకటి, జీలకర్ర బెల్లం రెండు, తలంబ్రాలు మూడు, అప్పగింతలు ఒకటి. మధ్యలో ఉన్న ఖాళీలను ఇంట్లో ఆడవాళ్ళు పూరించేవారు. తలంబ్రాలకూ అప్పగింతలకూ మధ్య భోజనాల దగ్గర మగపెళ్ళివారు అలిగిన సంగతి ఏ ఫోటోలోనూ లేదు, ఆ పేజీ తిప్పినప్పుడల్లా మాత్రం వచ్చేది. ఆల్బమ్ చూడటమంటే నిజానికి వినడం.

ఇప్పటి కరిజ్మా అనే డిజిటల్ ఆల్బమ్‌లో ఖాళీ ఉండదు. వేల ఫోటోలు తీస్తారు, డ్రోన్ ఉంటుంది, పెళ్ళికి నెల ముందే ఏ కోటలోనో ఏ బీచిలోనో తీసిన ప్రీ వెడ్డింగ్ షూట్ ఉంటుంది. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తానికి పీటల చుట్టూ కెమెరాలే తప్ప ముత్తయిదువలు కనిపించరు, ‘పంతులుగారూ, ఇంకోసారి పెట్టించండి’ అన్న మాట నేను స్వయంగా విన్నాను. ముహూర్తం రెండోసారి ఎలా వస్తుందని ఆ పంతులుగారు అడగలేదు, ఆయనకూ అలవాటైపోయింది. ఇంత తీసినా, డోలు సన్నాయి వాళ్ళూ, గాడిపొయ్యి దగ్గర తెల్లవారు నుంచీ నిలబడ్డ వంటవాళ్ళూ ఆల్బమ్‌లోకి రారు. పాత ఆల్బమ్‌లోనూ రాలేదు. ముప్పై ఆరుకు ఉన్న గుడ్డితనమే మూడు వేలకూ ఉంది.

ఫోటోలు ఏరే పనిని ఇప్పుడు ఫోనే చేస్తోంది. తేదీని బట్టి, ముఖాలను బట్టి ఫోటోలను తనే పోగేసి, పాట జోడించి, జ్ఞాపకాలని పేరు పెట్టి మన ముందు ఆడిస్తోంది. మా పెద్దమ్మ పెద్దకర్మ నాటి ఫోటోలను నా ఫోన్ అలాగే ఏరి, అందరూ ఒకచోట చేరారు కాబట్టి పండుగ అనుకుందేమో, హుషారైన వాయిద్యం పెట్టి చూపించింది. నవ్విన ముఖాలనే ఎంచింది. కర్మ ఇంట్లోనూ జనం నవ్వుతారు, చాలా ఏళ్ళకు కలిసినవారు మరీ నవ్వుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ వాకిట్లో చెప్పుల గుట్ట, దండ వేసిన ఫోటో ముందు ఆవిడకిష్టమైన అరిసెలు, గోడవారగా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న పెదనాన్న, మసకగా ఉన్నాయనో ముఖాలు లేవనో ఫోన్ వాటిని పక్కన పడేసింది. దాని కూర్పు తీసేసి, ఆ మూడింటితో మొదలుపెట్టి కొన్ని ఫోటోలు వరుసగా పెట్టి, ఒక్కోదాని కింద పేర్లూ, ఒకటి రెండు వాక్యాలూ రాసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రాత్రి పొద్దుపోయేదాకా గొడవ నడిచింది. అరిసెలు ఆవిడ తినేదే కాదు, చేసి పెట్టడం ఇష్టం అంతే అని పిన్ని. ఆ దండ ఫోటో ఎవరి పెళ్ళిలో తీసినదో తెలుసా అని డాలస్ నుంచి బావ. అది పెళ్ళి ఫోటో కాదు, తిరుపతిలో తలనీలాలు ఇవ్వడానికి ముందు తీయించుకున్నది, పక్కనున్న నన్ను కత్తిరించేశారు అని, ఆ గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పని చిన్నత్త.